మొగుని పేరు

మద్దిలేటికి ఈ భూమ్మీద పగవాడు ఒక్కడే. వాడి పేరు పుల్లయ్య. వేంపల్లె నుంచి వచ్చిన కూలీల మేస్త్రీ పుల్లయ్య. తెల్ల పంచె మీద నల్ల కోటు, కోటు జేబులో ఎర్ర అట్ట పుస్తకం, బుగ్గన ఎప్పుడూ ఒక వక్కపలుకు. మూడేళ్లు వరసగా వానలు లేక, ఎర్రచెలిమల ఊరు ఊరంతా గంజికేంద్రం ముందర సత్తు చెంబులు పట్టుకుని కూర్చున్న కాలంలో వచ్చాడు. "తుంగభద్ర కాలవ పనికి ఆడోళ్లు కావాల. దినానికి రూపాయి పావలా, రెండు పూటలా సంగటి" అని తియ్యగా చెప్పాడు. పదకొండు మంది ఆడవాళ్లను లారీ ఎక్కించుకుని పోయాడు. ఆ పదకొండు మందిలో మద్దిలేటి భార్య ఉరుకుందమ్మ ఒకతె.

లారీ కదిలేముందు పుల్లయ్య ఒక్కో ఇంటికి నలభై రూపాయల చొప్పున బయానా ఇచ్చి, కూలి ఒప్పందమని చెప్పి, మొగవాళ్ల దగ్గర కాగితాలు తీసుకున్నాడు. తక్కినవాళ్లంతా వేలిముద్రలు వేశారు. మద్దిలేటి సంతకం చేశాడు. మూడో తరగతిలో బడి మానేసినవాడు. చదువు ఎప్పుడో చెరిగిపోయింది గాని సంతకం మాత్రం చేతిలో మిగిలింది. కాగితం చదివి వినిపించమని అడిగితే తనకు చదువు రాదని నలుగురికీ తెలిసిపోతుంది. అందుకని అడగలేదు. కాగితం మీద కళ్లు అటూ ఇటూ తిప్పి, చదివినట్టే తల ఊపి, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం గీశాడు.

నెల దాటినా కబురు లేదు. ఊళ్లో పెద్ద రైతు పెద్ద ఈరన్న జాలిపడి మద్దిలేటి చేను కొని, చేతిలో దుడ్లు పెట్టి, "కర్నూలుకు పోప్పా. కొత్త రాజధాని పనులకే తోలుకపోయింటారు. ఆడదాని సంగతి, ఆలస్యం సేయొద్దు" అని తానే వచ్చి బస్సెక్కించాడు. గుడారాల్లో నడుస్తున్న కచేరీల చుట్టూ, కల్లూరు ఇటుక బట్టీల చుట్టూ ఎనిమిది దినాలు తిరిగినా ఎర్రచెలిమల మొహం ఒక్కటి కనబడలేదు. చివరికి ఒక లారీ డ్రైవరు చెప్పిన ఆనవాలు పట్టుకుని రైలు జంక్షనుకు చేరేసరికి, ముందురోజు ప్లాటుఫారం మీద జరిగిన గలాటా గురించే అందరూ చెప్పుకుంటున్నారు.

నెలా పది దినాలు కంకర కొట్టించి, "ఇంక కాలవ కాడికి పోదాం రండి" అని పుల్లయ్య ఆడవాళ్లను బొంబాయి మెయిలు ఎక్కించబోయాడు. వాళ్లు ఇళ్ల నుంచి తెచ్చుకున్న గంపలు, పారలు ప్లాటుఫారం మీదే వదిలెయ్యమన్నాడు. ఉరుకుందమ్మకు అక్కడ కాలు ఆగిపోయింది. "మట్టి మోసే పనికి పోయేటోళ్లం, గంప యాల ఇడిసిపెట్టాల మేస్త్రీ?" అని అడిగింది. ఆమె గంప బోర్లించి దాని మీద కూర్చుంది. వెనకే పదిమందీ కూర్చున్నారు. మెయిలు పోయింది. పోలీసులు వచ్చారు.

అది నిన్నటి సంగతి. ఈ పొద్దు పది గంటలకు అందరినీ తాలూకా కచేరీకి తోలుకొచ్చారు.

వరండాలో గోడవారన పదకొండు మంది, ఎదురుగా పదకొండు గంపలు. పోలీసులు ఎంత చెప్పినా గంపలు వదిలి రామన్నారు. మద్దిలేటిని చూడగానే అందరి కళ్లూ అతని వెనక్కి పోయాయి, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"మద్దిలేటన్నా, మా ఇంటాయన రాల్యా?" అని గంగక్క అడిగింది. యాభై దాటిన మనిషి. కంకర దెబ్బకు బొటనవేలు గోరు ఊడి, గుడ్డ చుట్టుకుని ఉంది.

"ఛార్జీకి లేకపాయ గంగక్కా."

"మరి నలభై రూపాయలు?"

"తినేసిరి."

"తిననీ, తిననీ. నన్ను తిన్నట్టే."

ఉరుకుందమ్మ మొగుడి మొహం చూడలేదు, అతని కాళ్లు చూసింది. చెప్పుల్లేని కాళ్లు, మడమలు పగిలి దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

"నడిసి వొచ్చినావా?"

"సగం దూరం. సగం బస్సు."

"బస్సుకు దుడ్లు యాడివి?"

ఆ మాటకు మద్దిలేటి పది దినాల నుంచి జవాబు తయారు చేసుకుని ఉన్నాడు. నీకోసరం చేను అమ్మినా అని చెప్పాలి. చెప్పినప్పుడు ఆమె కళ్లు ఎలా మారతాయో కూడా ఊహించుకున్నాడు. నోరు తెరిచేలోగా బంట్రోతు కేకేశాడు.

మేజిస్ట్రేటు సర్కారు జిల్లాల నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. ఈ ఎండ ఇంకా అలవాటు కాలేదు. మాటిమాటికీ చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం, దాని పక్కన పదకొండు కాగితాలు. పుల్లయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వినయం చూస్తే రాయి కూడా కరిగిపోతుంది.

"సామీ, ఈళ్లు కూలోళ్లు కారు. సంసారులు. ఈళ్లలో మారుమనువు ఉండాది. మొదటి మొగుడు ఇడుపు కాగితం రాసిస్తే, ఓలి దుడ్లు కట్టినోడు తోలుకపోవచ్చు. ఈళ్ల కొత్త మొగుళ్లు బొంబాయిలో మిల్లు పనిలో ఉండారు. పెండ్లాలను చేర్చమంటే తోలుకపోతాండా. నేను ఉత్త మద్దెస్తుణ్ని."

గుమాస్తా పై కాగితం తీసి చదివాడు. "ఎర్రచెలిమల కాపురస్తుడు మద్దిలేటి రాసి ఇచ్చిన విడుపు పత్రం. నా భార్య ఉరుకుందమ్మను నా మనఃపూర్వకంగా విడిచిపెట్టి, ఆమె మారుమనువుకు ఒప్పుకుని, ఓలి సొమ్ము నలభై రూపాయలు పుచ్చుకున్నాను. ఇకమీదట ఆమెతో నాకు గాని నా వారసులకు గాని ఎలాంటి సంబంధమూ లేదు."

ఒక్కో మాట మద్దిలేటి నెత్తిన రాయిలా పడింది. నెలన్నర కిందట తాను తల ఊపిన కాగితం ఇదేనా? ఇన్ని మాటలు అందులో ఉన్నాయా?

"ఈ సంతకం నీదేనా?" అన్నాడు మేజిస్ట్రేటు.

కాదంటే అబద్ధం. ఆ అక్షరాలు ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు. అవునంటే పెళ్లాం పోతుంది. పుల్లయ్య వక్కపలుకు ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకు మార్చాడు.

"సంతకం నాదే సామీ. కాగితం నాది కాదు."

"అంటే? చదవకుండానే సంతకం చేశావా?"

"సదివినట్టు సేసినా."

"అదేమిటయ్యా?"

మద్దిలేటి నలభై అయిదేళ్ల మనిషి. ఊళ్లో ఎవరికైనా ఉత్తరం వస్తే, కళ్లద్దాలు లేవని తప్పించుకుని తిరిగిన మనిషి. ఆ మాట చెప్పడం కన్నా ఎనిమిది దినాలు పస్తులుండడమే సులువనిపించింది.

"నాకు సదువు రాదు సామీ. సంతకం ఒకటే వొస్తాది. ఊరోళ్లకు తెలుస్తాదని..."

వెనక ఎవరో ముక్కుతో గాలి వదిలారు. తిరిగి చూడకుండానే అది ఉరుకుందమ్మ అని తెలుసు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమెకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

మేజిస్ట్రేటు కొత్త మొగుళ్ల పేర్లున్న ఎర్ర పుస్తకం తిప్పుతూ పోయి ఒకచోట ఆగాడు. "ఒకే నాగన్న ముగ్గురికి మొగుడు ఎలా అయ్యాడయ్యా?"

"ముగ్గురు నాగన్నలు సామీ. బొంబాయి పెద్ద ఊరు కదా."

కచేరీలో ఫక్కున నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. "అసలు ఈ పేర్లు ఎవరు చెప్పారు?"

"నేనే. ఆడది తన నోట మొగుని పేరు పలుకుతాదా సామీ? మీ పక్క పలుకుతారా? టేసన్లో టిక్కెట్ల బాబు అడిగినప్పుడు ఈళ్ల ఎదుటనే చెప్పినా. కాదని ఒక్కతె అన్లేదు. అడగండి, అన్నారేమో."

అది నిజమే. 'జంట టిక్కెట్టయితే సగం ధర. నేనేం చెప్పినా మీరు నోరు మెదపొద్దండి, లేకుంటే తేడా మీ కూలిలో పట్టుకుంటా' అని ముందురోజే వాళ్లకు చెప్పి ఉంచాడు. సగం ధరకు ఆశపడి ఊరుకున్నారు. ఆశ లేకపోయినా ఊరుకునేవాళ్లే. మొగుడి పేరు అడిగితే పక్కనున్న మనిషి చెప్పాలి, ఆడది తలవంచుకోవాలి. ఆ తలవంపే పుల్లయ్య పెట్టుబడి. తాతల నాటి నుంచి మనమే పెంచి పోషించిన మర్యాదను ఒక మేస్త్రీ జేబులో వేసుకుని తిరుగుతున్నాడంటే, ఎవరిని తిట్టాలి?

మేజిస్ట్రేటు కలం బల్ల మీద తట్టాడు.

"సరే. ఇవాళ ఒకరి తరఫున ఇంకొకరు చెప్పడం లేదు. తన మొగుడెవరో తన నోటితో చెప్పిన మనిషి మాట రాస్తాను, ఆమెను ఆమె ఊరికి పంపిస్తాను. నోరు విప్పని మనిషికి ఈ పుస్తకంలో ఉన్న పేరే ఖాయం. సాయంత్రం మెయిలుకు పోవచ్చు."

పుల్లయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అతని పెదాల మీద చిరునవ్వు మొలిచింది. నిన్న పోయిన మెయిలు ఈ సాయంత్రం మళ్లీ వస్తుంది. ఈ ఆడవాళ్లు నాలుకైనా కోసుకుంటారు గాని పేరు పలుకుతారా?

"ఉరుకుందమ్మ!" అని గుమాస్తా పిలిచాడు.

ఆమె లేచి వచ్చి బల్ల ముందర నిలబడింది.

"మొగుడి పేరు?"

మద్దిలేటి అంటే మామూలు పేరు కాదు, దేవుడి పేరు. కొండకు పోయి మొక్కు తీర్చుకున్న రోజున కూడా ఉరుకుందమ్మ ఆ దేవుణ్ని పేరు పెట్టి పిలవలేదు. 'ఆ కొండసామి' అనేది. మొగుడికి ఆ దేవుడి పేరు ఉన్న పాపానికి దేవుడి పేరు కూడా ఆమె నోటికి కరువైపోయింది. అలాంటి మనిషిని పట్టుకుని చెప్పమంటున్నారు.

ఉరుకుందమ్మ తల వంచుకునే ఉంది. మద్దిలేటి తట్టుకోలేక నోరు తెరిచాడు. మేజిస్ట్రేటు వేలు చూపించాడు. తెరిచిన నోరు మూతపడింది.

"సూసినారా సామీ?" అన్నాడు పుల్లయ్య మెత్తగా. "మర్యాదస్తురాలు."

ఆ మాటతో ఆమె తల లేచింది.

"మొగుని పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతాదంటారు సామీ. పద్దెనిమిదేండ్లు నా నాలిక మీద పెట్టుకుని కాపాడినా ఆ ఆయుస్సును. నలభై రూపాయలకు నన్ను కాగితం మీద పెట్టినప్పుడు నా ఆయుస్సు సంగతి ఆయన సూసినాడా? తగ్గితే తగ్గనీ. రాసుకోండి." ఆమె పుల్లయ్య వైపు తిరిగింది. "మద్దిలేటి! ఎర్రచెలిమల అయ్యన్న కొడుకు మద్దిలేటి! ఇనపడ్యాదా మేస్త్రీ? ఇంకోసారి చెప్పాల్నా? మద్దిలేటి!"

మద్దిలేటి ఒళ్లు ఝల్లుమంది. తల్లి పిలిచింది ఆ పేరు, ఊరు పిలిచింది, అప్పులవాళ్లు పిలిచారు. ఆమె గొంతులో ఎప్పుడూ వినలేదు. చెంప మీద కొట్టినట్టూ ఉంది, పడిపోయినవాణ్ని రెక్క పట్టి లేపినట్టూ ఉంది.

"రాసుకున్నా," అన్నాడు గుమాస్తా. "నీ మొగుడితో ఊరికి..."

"ఆగప్పా. ఆయన మొగుడని చెప్పినా గాని, ఆయన ఎంట పోతానని చెప్పినానా? అది నేను తేల్చుకునే మాట. కాగితం చెప్పేది కాదు, ఆయన చెప్పేదీ కాదు. నేను కూలికని ఇల్లు దాటినా. నెలా పది దినాలు కంకర కొట్టినా. నేను ఎవురి పెండ్లామని రాయకముందు, కూలిదాన్నని రాయండి. ఆ కూలి ఇప్పించండి."

మేజిస్ట్రేటు మెడ తుడుచుకోవడం మరిచిపోయాడు. "రాయవయ్యా," అన్నాడు గుమాస్తాతో.

గంగక్కను పిలవనక్కర్లేకపోయింది. తానే వచ్చేసింది. "నా మొగుడు బొజ్జన్న సామీ. ఆయనకు ఆయుస్సు శానా ఉండాది. రోంత తగ్గినా ఊరికి మేలే."

ఈసారి మేజిస్ట్రేటు కూడా నవ్వాడు. ఆ నవ్వుతో కట్ట తెగింది. మహానంది అంది ఒకతె. చిన్న ఈరన్న అంది ఇంకొకతె. ఒకతె రెండు చేతులతో చెవులు మూసుకుని తన మొగుడి పేరు తానే వినకుండా అరిచేసింది. గుమాస్తా "నిదానం, నిదానం" అంటూనే ఉన్నాడు. పోయిన ఏడే పెళ్లయిన రామేశ్వరమ్మ, పదహారేళ్ల పిల్ల, ఏడుస్తూ నిలబడిపోయింది. "చెప్పే, బొంబాయికి పోతావా?" అంది ఉరుకుందమ్మ. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, "సుంకన్న" అంది. అని, కళ్లు తెరిచి, ఆకాశం ఊడిపడలేదని చూసుకుంది.

పదకొండు పేర్లు అయ్యాయి. ముగ్గురు నాగన్నలూ ఎగిరిపోయారు.

పుల్లయ్య బుగ్గన వక్కపలుకు కదలడం లేదు. "మొగుని పేరు బజార్న పెట్టిన ఆడోళ్లు సంసారం సేసేటోళ్లా సామీ? ఈళ్ల మాట ఎట్ట నమ్మేది?"

"ఇంతసేపూ సంసారులని చెప్పింది నువ్వే కదటయ్యా," అన్నాడు మేజిస్ట్రేటు. "ఎవరూ మెయిలు ఎక్కడం లేదు. నువ్వు తప్ప, అదీ నేను వదిలిపెడితే."

అప్పుడు వరండా చివరి నుంచి ఇంకొక ఆడమనిషి లేచింది. ముప్పై ఏళ్లుంటాయి, పల్చటి మనిషి, కొంగుకు మసి. మేస్త్రీ వెంట వచ్చి, కంకర దగ్గర అందరికీ సంగటి కెలికి పెట్టిన వంటమనిషి. పేరు తిరుపతమ్మ అని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు.

"నాది గూడా రాసుకోండి సామీ."

"నీ పేరు పుస్తకంలో లేదమ్మా."

"లేదు. రాసినోడు వాడే కదా. నా మొగుని పేరు పుల్లయ్య. వేంపల్లె పుల్లయ్య. ఆ నిలబడుకోనుండే ఆయనే."

పుల్లయ్య ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "తిరుపతీ! నోరు మూయి!" బంట్రోతు అడ్డం పడి రెక్క పట్టుకున్నాడు. వక్కపలుకు నేల మీద పడింది.

"ఏడేండ్ల కిందట నన్ను గూడా ఇట్టనే కాగితం మీద తెచ్చినాడు," అంది తిరుపతమ్మ. "నన్ను అమ్మలేదు. తాళి కట్టి పెట్టుకున్నాడు. ఎందుకంటారా? మొగ మేస్త్రీ ఒక్కడే పిలిస్తే ఆడోళ్లు రారు సామీ. పక్కన ఇంకొక ఆడదుంటే నమ్మి వొస్తారు. నా సంగటి తిని నమ్మినారు ఈళ్లు. ఆ పాపం నాదే. ఈళ్లకు ముందర ఇంకా రెండు ఊర్లోళ్లు పోయినారు. యాడుండారో నాకు తెలుసు. ఈదుల పేర్లతో సహా చెప్తా."

గంగక్క ఆమె మీద ఉమ్మేసేటట్టు చూసింది. చూసి, మళ్లీ తన బొటనవేలి గుడ్డ చూసుకుంది. ఆ గుడ్డ కట్టింది తిరుపతమ్మే.

"ఇంకొక మాట సామీ. ఈయనది కడప పక్క. ఎర్రచెలిమల ఈయనకు యాడ తెలుసు? ఏ ఇంట్లో పొయ్యి ఎలగలేదు, ఏ ఆడది గట్టిది, ఏ మొగోడు సదవకుండానే సంతకం పెడతాడు, ఇయన్నీ చెప్పే మనిషి ఆ ఊర్లోనే ఉండాడు. పోయిన అమాసకు మా కాడికి వొచ్చి, తన భాగం తీసుకుని, నేను పెట్టిన అన్నం తింటా, పెండ్లాన్ని ఎతికేటోణ్ని తప్పుదోవకు తోలినానని చెప్పి పోయినాడు."

"పేరు?" అన్నాడు మేజిస్ట్రేటు.

తిరుపతమ్మ మద్దిలేటి వైపు చూసింది. "ఆయనకే తెలుసు. ఏమప్పా, నీ పెండ్లాము ఈ పక్క ఉంటే, నిన్ను కర్నూలు బస్సెక్కించి ఆ పక్కకు తోలింది ఎవురు?"

మద్దిలేటి చెవుల్లో బస్సు హారను మోగింది. కిటికీ పక్కన నిలబడి, భుజం మీద చెయ్యేసి, ఆడదాని సంగతి ఆలస్యం సేయొద్దన్న మనిషి. పుల్లయ్య మీద ఇంతకాలం పళ్లు నూరుతూ, ఆ మనిషికి రోజూ మనసులో దండం పెట్టుకున్నాడు. గుమాస్తా కలం కాగితం మీద ఆగి ఉంది. పదకొండు మంది ఆడవాళ్లు చూస్తున్నారు. ఒక పేరు ఇప్పుడు అతని నోటికీ రావడం లేదు.

"పొద్దున ఒక మాట అడిగితి," అంది ఉరుకుందమ్మ. మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. "బస్సుకు దుడ్లు యాడివి?"

"పెద్ద ఈరన్న ఇచ్చినాడు."

"ఊరికేనే ఇచ్చినాడా?"

"సేను రాయించుకున్నాడు. ఆ కాగితం గూడా... సదవకుండానే సంతకం పెట్టినా."

"ఏ సేను?"

"కొండకింది నల్లరేగడి."

"ఎంత?"

మద్దిలేటి కళ్లు తుడుచుకోలేదు. గుమాస్తా వైపు తిరిగి, అతను రాసుకునేలాగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు.

"మొత్తం. మూడెకరాల పన్నెండు సెంట్లు."